పాటలో దేశం వినిపిస్తుందా? ఒక మైకు సెట్టువాడి జవాబు

ఎస్వీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివే అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది: "ఒక దేశంలో రాజకీయం ఎలా ఉంది, జనం చేతిలో డబ్బు ఆడుతోందా లేదా అన్నది అక్కడి పాప్ పాటలు వింటే తెలిసిపోతుందని చదివాను. మాంద్యంలో ఏడుపు పాటలు, మంచి రోజుల్లో డ్యాన్సు పాటలు హిట్టవుతాయట. మన తెలుగు సినిమా పాటలతో దీన్ని ప్రాజెక్టుగా చూపించవచ్చా?"

చూపించవచ్చు నాయనా. కానీ ఆ ఏడుపు పాటల లెక్కతో మొదలుపెట్టావంటే మొదటి వారంలోనే ఇరుక్కుపోతావు. అమెరికాలో మహామాంద్యం ముదిరిన 1932లో, పని పోయిన మనిషి దారినపోయేవాణ్ణి "అన్నా, ఒక చిల్లర నాణెం ఇస్తావా" అని అడిగే పాట ఊరూరా మోగింది. బింగ్ క్రాస్బీ పాడాడు. మరుసటి ఏడు, బ్యాంకులు వరసగా మూతపడుతున్న 1933లో, నాణేలతో కుట్టిన బట్టలు వేసుకుని అమ్మాయిలు "మన దగ్గర డబ్బే డబ్బు" అంటూ చిందులేసే సినిమా పాట కూడా అంతే మోగింది. జనం అదే, కరువు అదే. ఒక్క పాటను తీసుకుని దేశం ఏడుస్తోందని రాయొచ్చు, రెండోదాన్ని తీసుకుని నవ్వుతోందని రాయొచ్చు. మార్కులు వేసేవాళ్లు ఎవరో ఒకరు పట్టేస్తారు.

నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. ఎనభైల మొదట్లో తిరుపతిలో మైకు సెట్టు పెట్టాను, దానికి జతగా క్యాసెట్లు రికార్డు చేసి ఇచ్చే కొట్టు. పెళ్లిళ్లు, గంగమ్మ జాతర, ఎన్నికలు, వినాయక చవితి పందిళ్లు, అన్నిటికీ పాటలు వేసినవాణ్ణి. కాబట్టి నాకు పాట సరుకుగానే ముందు కనబడుతుంది. ఎవరు డబ్బు పెట్టారు, ఏ పెట్టెలోంచి వినబడింది, ఎవరు వద్దన్నారు. ఈ మూడూ చూసుకున్నాకే నేను పాటలోని మాటల జోలికి పోతాను. నా అనుభవంలో రాజకీయమైనా, రేట్లయినా ఈ మూడింటిలోనే ముందు తెలుస్తాయి.

నీ ప్రాజెక్టుకు మన పాత చిత్తూరు జిల్లాకంటే మంచి చోటు లేదు. చిత్తూరు, నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు టాకీసుల్లో తెలుగు ఆట ఎంత ఆడేదో అరవ ఆటా అంతే ఆడేది. తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, సరిహద్దులు దిద్దినప్పుడు మద్రాసు రాష్ట్రానికి పోయింది. అంటే ఇక్కడి జనం రెండు రాష్ట్రాల రాజకీయాన్నీ రెండు భాషల పాటల్లో ఒకేసారి విన్నారు. దాంట్లోంచి ఒక్క ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. మిగతావన్నీ వదిలేసినా దీన్ని వదలొద్దు.

1964 మే నెలలో 'రాముడు భీముడు' వచ్చింది. రామానాయుడు నిర్మాత, తాపీ చాణక్య డైరెక్టరు, ఎన్టీఆర్ రెండు వేషాలు. అందులో శ్రీశ్రీ రాసిన పాట 'ఉందిలే మంచి కాలం ముందు ముందునా'. ఆ పాట పుట్టిన కాలం చూడు. మూడో పంచవర్ష ప్రణాళిక నడుస్తోంది, నాగార్జునసాగర్ కడుతున్నారు, రెండేళ్ల కిందట చైనా యుద్ధంలో దెబ్బ తిన్నాం, బియ్యం రేటు పెరుగుతోంది. సినిమా విడుదలైన నెలలోనే, 27వ తారీఖున, నెహ్రూ పోయాడు. మంచి కాలం ఉంది, కాకపోతే ముందెక్కడో ఉంది, కొంచెం ఓపిక పట్టమని చెప్పే పాట. ప్రభుత్వం వాళ్లు అప్పట్లో సభల్లో చెప్పేదీ ఇంచుమించు అదే. అదే శ్రీశ్రీ మూడేళ్ల ముందు, 1961లో, 'వెలుగు నీడలు'కి 'పాడవోయి భారతీయుడా' రాశాడు. స్వాతంత్ర్యం వచ్చిందని సభలు పెట్టుకుని సంబరపడితే చాలదని, అవినీతినీ బంధుప్రీతినీ చీకటి బజారునూ పేరు పెట్టి మరీ తిట్టిన పాట అది. ఈ రోజుకీ ఆగస్టు పదిహేనున బడి మైకులో వేస్తారు, మొదటి రెండు చరణాలు ఎవరూ సరిగ్గా వినరనుకో!

ఇప్పుడు గీత దాటి అవతలికి పో. 1965 సంక్రాంతికి అదే కథ అరవంలో 'ఎంగ వీట్టు పిళ్ళై'గా వచ్చింది. డైరెక్టరు మళ్లీ చాణక్యే. హీరో ఎంజీఆర్. ఇక్కడ ఎన్టీఆర్ నోట మంచి కాలం మాట వస్తే, అక్కడ ఎంజీఆర్ కొరడా పట్టుకుని, నేను ఆజ్ఞ వేస్తే, అది గనక జరిగితే, పేదవాళ్లకు ఇంక బాధలుండవు అని పాడతాడు. వాలి రాశాడు, టీఎమ్ సౌందరరాజన్ పాడాడు. ఎంజీఆర్ అప్పటికే డీఎంకే మనిషి. సినిమా వచ్చిన పది పన్నెండు రోజులకు తమిళనాడంతా హిందీ వ్యతిరేక ఉద్యమంతో భగ్గుమంది. 1967లో డీఎంకే గద్దెనెక్కింది. ఆ 1967లోనే ఈ కథ హిందీలో 'రామ్ ఔర్ శ్యామ్' అయింది, దిలీప్ కుమార్ హీరో, డైరెక్టరు చాణక్యే. అందులో ఈ కొరడా పాట లాంటిది లేదు, ప్రేమ పాటలూ విందు పాటలూ ఉన్నాయి.

కథ ఒకటే, తీసినవాడు ఒకడే, తేడా మూడేళ్లే. మారిందల్లా హీరో వెనక ఎవరున్నారు, టికెట్టు కొనేవాడికి ఏం కావాలి అన్నది. అరవంలో హీరో వెనక ఒక పార్టీ ఉంది. తెలుగులో 1964 నాటికి లేదు. హిందీ సినిమా దేశమంతా అమ్ముడుపోవాలి, ఒక రాష్ట్రం ఓటర్లను చూసుకుని పాట పెట్టే పని దానికి లేదు. "దేశపు వాతావరణం" అని నువ్వు ప్రశ్నలో రాసిన మాటను ఇక్కడ కొంచెం చిన్నది చేసుకోవాలి. మన పాటల్లో దేశం కంటే రాష్ట్రం ముందు వినిపిస్తుంది.

సంపాదించేవాడికీ అనుభవించేవాడికీ మధ్య తేడా గురించి మన సినిమా ఇంకా ముందే పాడింది. 1957లో 'తోడికోడళ్లు' కోసం ఆత్రేయ రాసిన 'కారులో షికారుకెళ్లే' పాట చాలామంది శ్రీశ్రీది అనుకుంటారు. ప్రాజెక్టులో ఆ తప్పు రాయకు.

పాట లేకపోవడం కూడా సాక్ష్యమే. కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రిగా ఉన్న యాభైల్లో ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు తగ్గించేశారు, శాస్త్రీయ సంగీతం వినండి అన్నారు. జనం విన్నారు గానీ ఆకాశవాణిని కాదు, రేడియో సిలోన్‌ని. వ్యాపార ప్రకటనల డబ్బు కూడా సముద్రం దాటి కొలంబోకే పోయింది. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. మా నాయన తరం వాళ్లు రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ సిలోన్ పట్టేవాళ్లు.

ఎమర్జెన్సీలో ఇంకో రకం. తమ కార్యక్రమాలకు పాడనన్నాడని 1976లో కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఆపేశారు. ఎమర్జెన్సీ పోయేదాకా అంతే. ఆ పాటల్లో రాజకీయం మాట ఒక్కటీ లేదు, ప్రేమ పాటలవి. దక్షిణ కొరియాలో కూడా 'పొద్దుటి మంచు' అన్న అర్థం వచ్చే పాటను 1975లో నిషేధించారు. అందులోనూ ప్రభుత్వాన్ని తిట్టింది లేదు, విద్యార్థులు ఊరేగింపుల్లో పాడుకుంటున్నారన్నదే కోపం. మాటలొక్కటే పట్టుకుని వెదికేవాడికి ఈ రెండూ కనబడవు. ఏది వేయొద్దన్నారో ఆ పట్టిక ఉంటే అధికారంలో ఉన్నవాళ్లు దేనికి భయపడ్డారో తెలుస్తుంది.

1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తేశారు. ఏప్రిల్ ఆఖర్లో 'అడవి రాముడు' వచ్చింది. పుస్తకం లెక్క ప్రకారమైతే జనం స్వేచ్ఛా గీతాలు పాడుకోవాలి. జనం పాడుకున్నది 'ఆరేసుకోబోయి పారేసుకున్నాను'. అదే సినిమాలో, అదే వేటూరి, 'కృషి ఉంటే మనుషులు రుషులౌతారు' అని కూడా రాశాడు. దాన్ని బడుల్లో వార్షికోత్సవాలకు పాడించారు. ఒకే సినిమాలో తడిసిన చీరా ఉంది, కష్టపడమనే బోధా ఉంది. ఏది ఆ కాలపు మనసు అంటే రెండూ అనే చెప్పాలి. నాకైతే మొదటి పాటకు వచ్చిన ఈలల్లో, రెండేళ్లు నోరు మూసుకున్నాక దొరికిన ఊపిరి కొంత ఉందనే అనిపిస్తుంది. అది నా ఊహ, రుజువు అడగొద్దు.

నువ్వు వెదికే నేరు సంబంధం అప్పుడప్పుడూ దొరుకుతుంది. 1981 చూడు. 'ఆకలి రాజ్యం'లో డిగ్రీ పట్టుకుని ఢిల్లీలో ఆకలితో తిరిగే కుర్రాడు 'సాపాటు ఎటూ లేదు పాటైనా పాడు బ్రదర్' అంటాడు. ఆత్రేయ మాటలు, బాలు గొంతు. అదే ఏడు ఇంగ్లండులో 'ఘోస్ట్ టౌన్' అనే పాట, క్లబ్బులు మూతపడి, పనులు దొరక్క ఊళ్లు దయ్యాల దిబ్బలయ్యాయని, జులైలో నంబర్ వన్ అయింది. సరిగ్గా ఆ వారాల్లో అక్కడి ఊళ్లలో అల్లర్లు జరుగుతున్నాయి. ఇంత చక్కగా కుదిరిన ఉదాహరణ చూపించి ఊరుకుంటారు చాలామంది. ఆ 1981లోనే వచ్చి మన దగ్గర ఏళ్ల తరబడి మోగింది 'ప్రేమాభిషేకం'. నిరుద్యోగం పాట ఒక్కరు రాయించుకుంటే ప్రేమాభిషేకం పాటలు పదిమంది రాయించుకునేవాళ్లు, ఆ పదిమందిలోనూ ఉద్యోగం లేనివాళ్లే ఎక్కువ.

ఇక నా కళ్లముందు జరిగిన సంగతి. 1982 మార్చిలో తెలుగుదేశం పుట్టింది, 1983 జనవరిలో ఎన్నికలు. ఎన్టీఆర్ తిరుపతిలోనూ నిలబడ్డాడు, గెలిచాడు. ఆ ప్రచారంలో మైకులో ఎక్కువగా అడిగింది 'చెయ్యెత్తి జైకొట్టు తెలుగోడా'. దాన్ని రాసింది కమ్యూనిస్టు నాయకుడు వేములపల్లి శ్రీకృష్ణ, సినిమాలో వచ్చింది 1952 నాటి 'పల్లెటూరు'లో. ముప్పై ఏళ్ల తర్వాత అది పసుపు జెండాల కింద మోగింది. కాంగ్రెస్ జీపుల వాళ్లు తక్కువ తిన్నారా, 'తెలుగు వీర లేవరా' వేయమనేవాళ్లు. కృష్ణ సినిమా కదా అని వాళ్ల ధైర్యం. ఆ పాటా శ్రీశ్రీదే. రెండో రోజుకి పసుపు కండువాల వాళ్లూ అదే అడిగారు. హిట్ పాటకు ఒక పార్టీ అంటూ ఉండదు, ముందు బాడుగ కట్టినవాడిదే.

అప్పట్లో ఎన్నికల పాటను మార్చింది క్యాసెట్టు. అంతకుముందు జీపులో రికార్డు ప్లేయరు పెడితే గుంత తగిలిన ప్రతిసారీ ముల్లు ఎగిరిపోయేది, బండి నిలిపి పాట వేసుకోవాలి. కాబట్టి ప్రచారమంటే నడుస్తున్నంతసేపూ ఎవడో ఒకడు గొంతు చించుకోవడమే. క్యాసెట్టు వచ్చాక అహుజా యాంప్లిఫయరు, లారీ బ్యాటరీ, రెండు కోన్ మైకులు చాలు, రోజంతా బండి తిరుగుతూనే పాడేది. దాంతో హిట్ బాణీకి సొంత మాటలు కట్టే పని మొదలైంది. రేపు పొద్దున బండి కదలాలంటే ఈ రాత్రి పాట కట్టాలి. కొట్టు వెనక గదిలో తలుపుకి పరుపు ఆనించి, జాతర ఆర్కెస్ట్రాలో పాడే కుర్రాణ్ణి, డోలక్కునీ హార్మోనియంనీ కూర్చోబెట్టి రికార్డు చేసేవాళ్లం. తెల్లవారేలోపు డబుల్ డెక్కులో కాపీలు తీసేవాళ్లం.

మాటలు రాసేది చంద్రగిరి దగ్గర ఊళ్లో ఒక తెలుగు అయ్యవారు. రెండు పార్టీలకూ రాసేవాడు, పేరు బయట పెట్టొద్దనేవాడు. అభ్యర్థి పేరు తాళంలో ఇమడకపోతే ఇంటిపేరు వేసేవాడు, అదీ ఇమడకపోతే గుర్తు. ఒక రాత్రి కాంగ్రెస్ వాళ్లు వచ్చి ఇరవై సూత్రాల పథకం పాటలో రావాలన్నారు. అయ్యవారు కాగితం పక్కన పెట్టేసి, "రెండు రూపాయల బియ్యం అంటే తాళంలో దిగి కూర్చుంటాది. మీ ఇరవై సూత్రాలు యాడ కూర్చోబెట్టేది సామీ?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు, వచ్చినవాళ్లూ నవ్వారు. కిలో రెండు రూపాయల బియ్యం ఎంత మంచి పథకమో ఎకనామిక్స్ వాళ్లు మీరు వాదించుకోండి. పాట కట్టేవాడి చేతికి అది తేలిగ్గా దొరికింది, ఊరూరా పాకింది. నీ ప్రాజెక్టులో ఈ దిశ కూడా ఉండాలి. రాజకీయం పాటలోకి రావడమే కాదు, పాటకు లొంగే వాగ్దానమే జనం నోట్లో నిలబడుతుంది.

డబ్బు సంగతికి వస్తే నా కొట్టులో అన్నిటికంటే నమ్మకమైన సూచిక కువైట్ వాళ్లు. మదనపల్లె, పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు నుంచి పోయేవాళ్లు. మద్రాసులో విమానం ఎక్కేముందు కొండకు వచ్చి మొక్కు తీర్చుకునేవాళ్లు, దిగాక నా దగ్గర ఒకటి రెండు ఖాళీ క్యాసెట్లు నింపించుకునేవాళ్లు. చీటీ మీద పాటలు రాసుకొచ్చేవాళ్లు. ఏ చీటీలోనైనా మొదటిది సుప్రభాతమో ఘంటసాల వెంకటేశ్వరుడి పాటో, తర్వాత అమ్మ మీదో చెల్లెలి మీదో పాట, ఎక్కువగా పాతవి, పల్లెటూరు ఉన్నవి. ముస్లిం కుర్రాళ్ల చీటీల్లో మొదట కవ్వాలీ ఉండేది, ఆపైన అదే అమ్మ పాట. అదే మనిషి రెండేళ్లకు నేషనల్ పానసోనిక్ టూ ఇన్ వన్ (రేడియో, టేపు రెండూ ఉన్న పెట్టె) భుజాన వేసుకుని దిగేవాడు. ఇప్పుడు అడిగేవి చిరంజీవి స్టెప్పుల పాటలు, అదీ సౌండు ఎక్కువ రావాలి, ఊరికి తెలియాలి కదా! పోయేటప్పటి చీటీ, వచ్చేటప్పటి చీటీ పక్కపక్కన పెడితే గల్ఫ్ డబ్బు ఏం చేసిందో నీకు వేరే పట్టిక అక్కర్లేదు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడింది. మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. ఆ దసరాకల్లా నా కొట్టుకి పాటలు నింపుకునేవాళ్ల కంటే టూ ఇన్ వన్ అమ్మిపెట్టమనేవాళ్లు ఎక్కువయ్యారు. చమురు రేటు పెరిగి, పంపే డబ్బు ఆగి, 1991లో దేశం బంగారం తాకట్టు పెట్టేదాకా వచ్చిందని తర్వాత పేపర్లలో చదివాం. ఆ నెలల్లో హిట్టయిన పాటల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు. సినిమా పాట రాసి, తీసి, విడుదలయ్యేసరికి చాలా నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. నువ్వు ఏ ఏడు పాటనైనా ఆ ఏటి ధరలతో జతచేసి గ్రాఫ్ గీస్తే అది తప్పు గ్రాఫే.

ఆర్థిక సంస్కరణలు మన పాటలోకి మాటగా రాలేదు, కీబోర్డుగా వచ్చాయి. తొంభైల్లో దిగుమతులు తేలికై, రెహమాన్ తరహా సౌండు అందరికీ కావాల్సొచ్చి, జాతర ఆర్కెస్ట్రాల్లో కూడా ఒక్క కీబోర్డు నలుగురి పని చేయడం మొదలైంది. క్లారినెట్ వాయించే మనిషి, ఇద్దరు వయొలిన్ వాళ్లు, ట్రిపుల్ కాంగో వాయించేవాడు, వీళ్లంతా మా ఊళ్లో పెళ్లిళ్ల సీజను నమ్ముకుని బతికినవాళ్లు. ఒకరు లాడ్జిలో రిసెప్షన్‌కి పోయారు, ఒకరు టాక్సీ తోలారు. తిరుపతి కాబట్టి ఏదో ఒక పని దొరికింది. అదే ఏళ్లలో హీరో హీరోయిన్లు పాటకు స్విట్జర్లాండ్ పోవడం మామూలైంది. విదేశీ మారకం లెక్కపెట్టి ఇచ్చే రోజుల్లో అది అందరికీ అయ్యే పని కాదు. తెరమీద మంచు కొండలు కనబడుతుంటే దాన్ని ప్రేమ పాటగా చూశాం, అది మారిన దేశపు ఖజానా కూడా.

భక్తి క్యాసెట్ల గురించి ఒక మాట, ఇది పాప్ కాదంటారేమో గానీ తిరుపతిలో ఇదే పెద్ద మార్కెట్టు. దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది, 1980 ప్రాంతంలో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి చేత బాలాజీ పంచరత్నమాల రికార్డులు చేయించింది. ఆ తర్వాత క్యాసెట్టు చవకయ్యేసరికి అన్నమయ్య మారుమూల ఊళ్ల టీకొట్లలో కూడా మోగాడు. పంట బాగా పండిన ఏడు కొండకొచ్చే రైతు నాలుగు క్యాసెట్లు కొంటాడు, ఎండిన ఏడు ఫొటోతో సరిపెట్టుకుంటాడు. ఏ ప్రాంతంలో వానలు పడ్డాయో బస్టాండు దగ్గర క్యాసెట్లు అమ్మేవాణ్ణి అడిగితే చెప్పేవాడు.

2000 తర్వాత కరువు ఏళ్లలో మాత్రం పాట సూటిగా మాట్లాడింది. గోరటి వెంకన్న రాసిన 'పల్లె కన్నీరు పెడుతుందో' 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చింది. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, ఒక్కో పని ఎలా పోయిందో వరసగా చెప్పి, కనిపించని కుట్ర ఏదో ఉందంటాడు. వెంకన్నది పాలమూరు. కానీ ఆ ఏడే మా చిత్తూరు విజయా డెయిరీ మూతపడింది, పాలు పోసే ఆడవాళ్లకు ఆ పాట తమదే అనిపించింది. బోర్లు ఎండిన ఊళ్ల నుంచి వచ్చి ఆ ఒక్క పాటే క్యాసెట్టు రెండువైపులా నింపమన్నవాళ్లున్నారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు సొంత జిల్లా ఇది, హైటెక్ మాట అప్పుడు ఊపులో ఉంది. 2003 అక్టోబరులో అలిపిరి దగ్గర ఆయన కాన్వాయ్ మీద మందుపాతరలు పేలాయి, 2004లో ప్రభుత్వం మారింది. పాట వల్ల ఓడిపోయారని ఎవరైనా చెబితే నమ్మకు. వానలు, కరెంటు బిల్లులు, అప్పులు, కారణాలు చాలా ఉన్నాయి. పాటకు అంత బలముంటే మైకు సెట్టువాళ్లందరం మంత్రులమయ్యేవాళ్లం.

దానికి రుజువు కూడా తిరుపతిలోనే ఉంది. 2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యం పెట్టింది ఇక్కడే. ఆ జనాన్ని నేను చూశాను, ఇరవై ఐదేళ్ల హిట్ పాటలు ఒకదాని వెనక ఒకటి, ప్రతిదానికీ ఈలలు. 2009లో ఆయన తిరుపతిలో గెలిచాడు, పాలకొల్లులో ఓడిపోయాడు, పార్టీకి వచ్చింది 294లో 18 సీట్లు. ఎన్టీఆర్‌కి పనిచేసింది ఈయనకు ఎందుకు పనిచేయలేదన్నది నీ ప్రాజెక్టులో ఒక అధ్యాయం అవుతుంది. నా అంచనా ఏంటంటే 1983లో జనానికి కాంగ్రెస్ మీద కోపం ముందే ఉంది, పాట దానికి గొంతు ఇచ్చింది. 2009లో పాటలున్నాయి గానీ అంత కోపం లేదు.

'మా తెలుగు తల్లికి మల్లె పూదండ' గురించి మా ఊరివాడిగా చెప్పకుండా ఉండలేను. రాసిన శంకరంబాడి సుందరాచారి గారు తిరుపతివారు. 1942లో రాశారు, టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డుతో ఇంటింటికీ చేరింది. అప్పటికి తెలుగువాళ్లకు రాష్ట్రమే లేదు, మద్రాసు కింద ఉన్నాం. 1975లో ప్రపంచ తెలుగు మహాసభల ఏడు రాష్ట్ర గీతమైంది. 2013లో సమైక్యాంధ్ర సమ్మె నడిచిన నెలల్లో తిరుపతి కూడళ్లలో రోజూ ఇదే పాట వేశాం, అప్పుడది నిరసన పాట. అవతల తెలంగాణలో అదే రోజుల్లో ఆ పాట వద్దన్నారు, అందెశ్రీ 'జయ జయహే తెలంగాణ' పాడుకున్నారు. డెబ్భై ఏళ్లలో అక్షరం మారలేదు. చుట్టూ రాజకీయం మారిన ప్రతిసారీ పాట పని మారింది. నీకు గ్రాఫులో పెట్టడానికి పనికిరాదు గానీ నీ వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఇప్పటి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, కాబట్టి తొందరగా చెప్పేస్తాను. రాత్రి పది దాటితే మైకు కట్టేయాలన్న 2000 నాటి నిబంధనతో మా వ్యాపారం సగం, డీజేలతో మిగతా సగం పోయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై, సినిమా నిర్మాత అక్కర్లేని పాట మొదలైంది. 2021లో 'బుల్లెట్టు బండి' యూట్యూబులోంచే పెళ్లి పందిళ్లలోకి వచ్చింది. 2019 ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్ వాళ్లు 'రావాలి జగన్ కావాలి జగన్' పాటను సినిమా హిట్ స్థాయిలో ఫోన్లలో తిప్పారు. మా అయ్యవారి పని అది, కాకపోతే స్టూడియోలో, పెద్ద ఖర్చుతో. 'కుర్చీ మడతపెట్టి' అని ఒక ముసలాయన యూట్యూబులో అన్న మాట 2024 సంక్రాంతి సినిమాలో పాటైంది, కొన్ని వారాలకే ఒక పార్టీ చొక్కా చేతులు మడతపెట్టమంటే రెండో పార్టీ కుర్చీలు మడతపెడతామంది. వీధిలోంచి పాటకు, పాటలోంచి సభకు పోవడానికి మా రోజుల్లో ఏళ్లు పట్టేది.

పనిలోకి దిగేటప్పుడు హిట్ పాటల జాబితాను ఇంటర్నెట్టులో తీసుకోవద్దు, అవి ఈనాటి ఇష్టాలతో తయారైనవి. పాత టాకీసుల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, క్యాసెట్టు అట్టల మీది ధరలు, ఆకాశవాణికి శ్రోతలు రాసిన ఉత్తరాలు, ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకో. డబ్బింగ్ సినిమాల పాటలను విడిగా పెట్టు, అవి ఇంకో రాష్ట్రపు వాతావరణంలో పుట్టినవి. ఒక్కో పాటకు నిర్మాత ఎవరు, హీరో ఏ పార్టీ వైపు, ఏ యంత్రం మీద ఎక్కువ విన్నారు అని మూడు గళ్లు గీసుకో. మాటల అర్థం నాలుగో గడిలో రాసుకో.

నా రికార్డింగ్ చీటీల నోటుపుస్తకాలు చెదలు తినంగా కొన్ని మిగిలాయి, ఎనభై నాలుగు నుంచి తొంభై ఆరు దాకా అక్కడక్కడా ఉన్నాయి. పేర్లు కొట్టేసి వాడుకుంటానంటే కొట్టుకి వచ్చి ఫొటోలు తీసుకో. పుస్తకాలు మాత్రం ఇంటికి ఇవ్వను.